తప్పిన పోగు

బంగాళాఖాతపు తీరమునకు సమీపమున, చెన్నపట్టణమునుండి విజయవాడకు పోవు రైలుమార్గముపై, ఒంగోలునకును బాపట్లకును నడుమ చీరాల పట్టణము కలదు. 1921వ సంవత్సరమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇచ్చటి ప్రజలు పురపాలక సంఘమును, దాని పన్నులను నిరాకరించి, ఇండ్లు విడిచి, రామనగరమను పేర పాకలు వేసికొని నెలల తరబడి నివసించిరి. ఆ ఉద్యమమువలన చీరాల పేరు దేశమంతట వినబడినది. కాని అంతకుముందునుండియు ఈ పట్టణమునకు కీర్తి తెచ్చిన వృత్తి వేరొకటి కలదు. అది చేనేత.

నేతపని చూచినవారికి ఒక సంగతి వెంటనే బోధపడును. ఆసుపోసి, గంజి పెట్టి, సిద్ధపరచిన పడుగును మగ్గమున కెక్కించుటకు ముందు, పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు కొసలను ఒక్కొక్క పోగుగా అతుకుదురు. దీనినే అచ్చు అతుకుట యందురు. వేలకొలది పోగులలో ఒకటి తప్పినను, ఆ లోపము గుడ్డ పొడవునను గీతవలె కనబడుచునే యుండును. నేత ఎంత నేర్పుగా సాగినను ఆ గీత మాయదు. గణితమునందును ఇట్లే జరుగును. మొదట తప్పిన ఒక్క అంకె చివరి జవాబువరకును వెంబడించును. ఈ సంగతి చీరాలలో ఒక నేతగాని కుమారునకు ఎట్లు తెలిసివచ్చెనో ఈ పాఠమున చూడవచ్చును.

ఆ బాలుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. లెక్కలన్న వానికి మిక్కిలి మక్కువ. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ప్రశ్న వ్రాయుట ముగియకమునుపే వాడు జవాబు చెప్పెడివాడు. తోటివారు వానిని మెచ్చుకొనెడివారు. అర్ధసంవత్సర పరీక్షలో గణితమునకు నూటికి తొంబది మార్కులకు తక్కువ రావని వాడు తల్లిదండ్రులతో ముందుగనే చెప్పియుండెను. పరీక్షనాడు అందరికంటె ముందుగా లేచి, మరల చూడకయే జవాబుపత్రము నిచ్చి వెలుపలికి వచ్చెను.

వారము దినములకు పత్రములు తిరిగి వచ్చినవి. వానికి వచ్చిన మార్కులు యేబది యెనిమిది. పత్రమును చేతపట్టుకొని వాడు చాలసేపు కదలక కూర్చుండెను. పిమ్మట ఉపాధ్యాయుని యొద్దకు పోయి, "మాష్టారూ, ఇందులో నాకు రాని లెక్కలు రెండే. తక్కినవన్నియు నాకు తెలిసినవే. ఇన్ని మార్కులు ఎట్లు పోయినవండీ?" అని అడిగెను.

ఉపాధ్యాయుడు పత్రమును చూచి, "తెలియక పోయినవి పది మార్కులే, నాయనా! తెలిసియుండియు పోగొట్టుకొన్నవి ముప్పదిరెండు. ఆ ముప్పదిరెండును ఎచ్చట పోయినవో నీవే వెదకుము. ముందుగా నేతలెక్కను ఇంటికి తీసికొనిపోయి మీ అమ్మకు చూపుము" అనెను.

ఆ లెక్క యిది: "48 అంగుళముల పన్నా గల చీరలకొరకు 20 గజముల పడుగు వలయును. అంగుళమునకు 64 పోగులు. 840 గజముల నూలు ఒక చిలప. పడుగునకు మాత్రము ఎన్ని చిలపలు కావలెను? అట్టి చిలపలు 80 కలిసి ఒక పౌను తూగునెడల, ఆ నూలు ఎన్ని పౌనులు?" ఒక పౌనునకు 80 చిలపలు తూగు నూలును 80 నెంబరు నూలు అందురు. నెంబరు పెరిగినకొలది నూలు సన్నమగును. మెట్రిక్ కొలతలు వచ్చినను, చేనేతవారి నూలు నెంబరు ఈ పాత కొలతలపైననే నిలిచియున్నది.

దీనికి బాలుడు ఒకే పంక్తిలో ఇట్లు వ్రాసెను: 84 × 64 = 5376 × 20 = 107520 ÷ 840 = 128. రెండవ ప్రశ్నకు 128/80 అని వ్రాసి ముగించెను.

ఆ సాయంకాలము ఇంటిలో తల్లి రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుచుండెను. తండ్రి గుంటమగ్గమున నాడె ఆడించుచుండెను. బాలుడు ప్రశ్నను, జవాబును చదివి వినిపించెను. తల్లి చేతిపని ఆపి నవ్వెను.

"ఇరువది గజముల పడుగునకు నూట ఇరువదియెనిమిది చిలపలా? ఎవరి మగ్గమురా అది? ఆ పన్నాకు డెబ్బదియైదు చిలపలున్న చాలును" అనెను.

బాలుడు ఆశ్చర్యపడెను. తల్లి బడికి పోయినది కాదు. కాగితము పట్టలేదు, కలము పట్టలేదు. "అమ్మా, నీకెట్లు తెలిసెను?" అని అడిగెను.

"ఎన్ని పడుగులకు నూలు తడపలేదు? చేతికి తెలియదా?" అని ఆమె మరల రాట్నము త్రిప్పసాగెను.

బాలుడు సిగ్గుపడి, "అది పరీక్షలోని లెక్క మాత్రమే గదా" అనెను.

అంతవరకు వినుచుండిన తండ్రి నాడె నాపెను. "పరీక్షలోనిదైనను నూలు నూలే, నాయనా. రేపు నా చీటీపై లెక్క వ్రాయవలసినవాడవు నీవే. ఈ ఇంట చదువుకొన్నవాడవు నీవొక్కడవే. నీ మాట నమ్మి నేను నూట ఇరువదియెనిమిది చిలపలు అప్పుమీద తెచ్చితిననుకొనుము. మిగిలిన యేబదిమూడు చిలపల అప్పును ఎవరు తీర్తురు?" అనెను. ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే అది బాలుని మనస్సున బలముగా నాటెను.

ఆ రాత్రి వాడు ప్రశ్నపత్రమును దీపము ముందు పెట్టుకొని చూచెను. ప్రశ్నలో 48 అని యుండగా తాను 84 అని వ్రాసికొన్నాడు. ఆ తరువాతి గుణకారములో గాని భాగహారములో గాని తప్పు లేదు. మొదట తప్పిన పోగు ఒక్కటే. వానికి ఇంకొక విషయము తోచెను. శేషము లేకుండ 128 వచ్చినందుననే తాను ఆ జవాబును నమ్మితిని గదా! జవాబు చక్కగా కుదిరినంతమాత్రమున అది సరియైనదని చెప్పుటకు వీలులేదు. ఈ లెక్కలో సరియైన జవాబునకే భిన్నము వచ్చును, తప్పు జవాబు పూర్ణాంకముగా వచ్చినది.

మరునాడు ఉపాధ్యాయుడు తరగతి అంతటికిని ఆ లెక్కను నల్లబల్లపై చేసి చూపెను. ముందుగా దత్తాంశములను విడివిడిగా వ్రాసెను: పన్నా 48 అంగుళములు, అంగుళమునకు పోగులు 64, పడుగు పొడవు 20 గజములు, చిలప 840 గజములు. పిమ్మట ఒక్కొక్క మెట్టును ఒక్కొక్క పంక్తిగా వ్రాసెను.

మొత్తము పోగులు = 48 × 64
కావలసిన నూలు = 48 × 64 × 20 గజములు
చిలపలు = (48 × 64 × 20) ÷ 840

"ఇప్పుడే గుణింపకుడు. పెద్ద సంఖ్యలను పెంచి, మరల తగ్గించుట వృథాశ్రమ. ప్రతి గుణకారమును తప్పునకొక తలుపు. ముందు సూక్ష్మీకరింపుడు" అని చెప్పి, 20ని 840తో పోల్చి 1/42 చేసెను. 48ని 42తో పోల్చి 8/7 చేసెను. మిగిలినది 8 × 64 ÷ 7, అనగా 512/7. అది 73 పూర్ణ 1/7 చిలపలు. పౌనులలో 512/560, సూక్ష్మరూపమున 32/35.

"61440/67200 అని వ్రాసినను విలువ ఇదియే. కాని ఆ రూపమును చూచి, అది ఒక పౌనునకు ఎంత తక్కువయో ఎవరు చెప్పగలరు? 32/35 అనగానే, పౌనునకు కొంచెము తక్కువయని కంటికే తెలియును. ఇద్దరు వేరువేరు దారుల వచ్చినప్పుడు, ఇరువురి జవాబులును ఒకటియో కాదో తెలియవలెనన్నను సూక్ష్మరూపమే ఆధారము. 45 : 60 అని ఒకడును, 3 : 4 అని వేరొకడును వ్రాయుదురు. మొదటివాడు తప్పు చేయలేదు, కాని పని ముగింపలేదు. నేసిన చీరను మగ్గముమీదనే విడిచిపెట్టినట్లున్నది" అని ఆయన వివరించెను. నీ 128/80 కూడ 8/5 కావలసియున్నదని బాలునివైపు చూచి నవ్వెను.

అటుపిమ్మట ఆయన పరీక్షలలో మరల మరల కనబడు తప్పులను వరుసగా ఎత్తి చూపెను.

మొదటిది, సమానచిహ్నమును అజాగ్రత్తగా వాడుట. 84 × 64 = 5376 × 20 అని వ్రాసినచో, ఎడమవైపు 5376, కుడివైపు 107520. ఇవి సమానములా? సమానచిహ్నము "తరువాత" అను మాటకు గుర్తు కాదు. అది త్రాసు ముల్లు వంటిది. రెండువైపుల తూకము ఒకటియైనప్పుడే దానిని వ్రాయవలెను.

రెండవది, కుండలీకరణములను విప్పునప్పుడు గుర్తులు మార్చుట మరచుట. 5 – (2x – 3) అను దానిని విప్పినచో 5 – 2x + 3, అనగా 8 – 2x వచ్చును. బాలుని పత్రమున 2 – 2x అని యున్నది. x స్థానమున 1 ఉంచి చూచినచో తప్పు బయటపడును. మొదటి రూపమున 5 – (–1) = 6. సరియైన జవాబున 8 – 2 = 6. బాలుని జవాబున సున్న. ఈ పరీక్షకు అరనిమిషము పట్టదు.

మూడవది, కొట్టివేయరాని దానిని కొట్టివేయుట. (x + 6)/6 అను భిన్నమున పైనను క్రిందను 6 కనబడినదని రెండింటిని కొట్టివేసి, x అని వ్రాయువారు పెక్కురు. x = 6 అయినచో ఆ భిన్నము 12/6, అనగా 2. వారి జవాబు 6. లవహారములు రెండును గుణకారరూపమున నున్నప్పుడే సామాన్య కారణాంకమును తొలగింపవచ్చును. కూడికలోని భాగమును తొలగింపరాదు. ఇందుకు ఆయన ఒక చమత్కారమును చూపెను. 16/64లో రెండు 6లను కొట్టివేసినచో 1/4 మిగులును. ఆశ్చర్యము, జవాబు సరియైనదే! 19/95లో 9లను కొట్టివేసినచో 1/5, అదియు సరియే. కాని 13/34లో 3లను కొట్టివేసినచో 1/4 అగును. అది తప్పు. దారి తప్పినవాడు కూడ ఒక్కొక్కప్పుడు ఇల్లు చేరును. అంతమాత్రమున అది దారి కాదు. పరీక్షకుడు దారిని కూడ చూచును.

నాలుగవది, కొలతలను కలగలుపుట. గజములు, అంగుళములు, మీటర్లు ఒకే లెక్కలో ఉన్నప్పుడు ఏ అంకె ఏ కొలతకు చెందినదో ప్రతి మెట్టునందును వ్రాయవలెను. ఈ తప్పు బాలురకే పరిమితము కాదు. అమెరికా దేశపు నాసా సంస్థ అంగారకగ్రహమును పరిశీలించుటకు 1998లో ఒక వ్యోమనౌకను పంపెను. ఒక పక్షమువారు బలము యొక్క ప్రభావమును పౌనుల కొలతలో లెక్కించి యిచ్చిరి. రెండవ పక్షమువారు దానిని న్యూటనుల కొలతయని తలంచి వాడుకొనిరి. 1999 సెప్టెంబరు 23వ తేదీన, గ్రహమును సమీపించినప్పుడు ఆ నౌక దారి తప్పి నశించెను. గుణకారము రానివారా వారు? కాదు. అంకెప్రక్కన కొలత ఏదో సరిచూచుకొనలేదు.

తుదకు ఆయన, చేసిన లెక్కను సరిచూచు విధములను బోధించెను. ఈ సందర్భమున పావులూరి మల్లనను స్మరించెను. నేటి బాపట్ల జిల్లాలో, చీరాలకు అనతిదూరమున, ఇంకొల్లు మండలమున పావులూరు అను గ్రామము కలదు. తెలుగున తొలి గణితగ్రంథమును పద్యములలో రచించిన మల్లనకు ఇంటిపేరైనది ఆ యూరే యని చెప్పుదురు. ఆయన పదునొకండవ శతాబ్దివాడని పెక్కురు తలంతురు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మల్లన తెలుగు చేసెను. కావ్యములతోపాటు లెక్కలును తెలుగున చదువుకొనదగినవని ఆనాడే నిరూపించెను. మహావీరుని గ్రంథమున కంఠహారములవంటి గుణకారములు కొన్ని కలవు. 142857143ను 7చే గుణించినచో 1000000001 వచ్చును. ఎటునుండి చదివినను ఒకటే.

"ఈ గుణకారము సరియైనదేనా? తొమ్మిదులను తీసివేసి చూడుడు" అని ఉపాధ్యాయుడు చెప్పెను. మొదటి సంఖ్యలోని అంకెలను కూడినచో 35, మరల కూడినచో 8. దానిని 7చే గుణించినచో 56. అంకెలను కూడినచో 11, మరల కూడినచో 2. లబ్ధములోని అంకెల మొత్తమును 2. రెండును సరిపోయినవి. సరిపోనియెడల గుణకారమున తప్పున్నదని నిశ్చయముగా చెప్పవచ్చును.

బాలుడు వెంటనే తన లెక్కను ఈ విధమున పరీక్షించెను. 84 నుండి 3, 64 నుండి 1, 20 నుండి 2. వాని లబ్ధము 6. 107520 అంకెల మొత్తము 15, మరల కూడినచో 6. సరిపోయినది! "మాష్టారూ, నా తప్పు లెక్కకూడ ఈ పరీక్షలో నెగ్గినదండీ" అని వాడు లేచి చెప్పెను.

ఉపాధ్యాయుడు సంతోషించెను. "ఇదియే నేను మీచేత చెప్పింపదలచినది. 48లోని అంకెలును, 84లోని అంకెలును అవే గదా. స్థానములు తారుమారైన తప్పును తొమ్మిదుల పరీక్ష పట్టలేదు. నీ గుణకారము సరియైనదని మాత్రమే అది చెప్పినది. నీవు సరియైన సంఖ్యలను గుణించితివని చెప్పలేదు. ప్రతి పరీక్షకును చూపు ఆననిచోటు ఒకటుండును. మరి నీ తప్పును పట్టినదెవరు?"

"మా అమ్మ" అనెను బాలుడు.

"ఔను. ఆమె నూలును ఎరిగినది. నీవు అంకెలను మాత్రమే చూచితివి. ఆమె చేసిన పనినే మనము అంచనా యందుము. 48ని 50గాను, 64ను 60గాను తలంపుము. 50 × 60 × 20 = 60000. దానిని 800చే భాగించినచో 75. జవాబు 75కు దగ్గరగా ఉండవలెను. 128 వచ్చినచో, ఎచ్చటనో పోగు తప్పినది. మొదట అంచనా, తరువాత లెక్క, ఆ తరువాత ప్రశ్నతో పోల్చుట. ఈ మూడును చేసినగాని పత్రమును ఇయ్యరాదు."

పరీక్షాశాలలో పాటింపదగిన నియమములను ఆయన క్లుప్తముగా చెప్పి వ్రాయించెను. ప్రశ్నను రెండుమారులు చదువవలెను. అడిగినదేదియో దానిక్రింద గీత గీయవలెను. ఎత్తివ్రాసిన ప్రతి అంకెను ప్రశ్నపై వ్రేలుంచి సరిచూడవలెను. పంక్తికొక మెట్టు వ్రాయవలెను. మెట్లకు మార్కులుండును గనుక, చివర తప్పినను చేసిన పనికి ఫలము దక్కును. చిత్తులెక్కను ఆ పుటలోనే ప్రక్కన శుభ్రముగా చేయవలెను. తప్పు వ్రాసినదానిని ఒక్క గీతతో కొట్టివేయవలెను గాని, దానిపైననే దిద్దరాదు. దిద్దిన 4ను 9యని చదువు ప్రమాదము కలదు. దశాంశములను నడుమ కుదింపక చివరనే కుదింపవలెను. జవాబును సూక్ష్మరూపమున, కొలతతోకూడ వ్రాయవలెను. చివరి పది నిమిషములు సరిచూచుటకే మిగుల్చుకొనవలెను. ముందుగా లేచిపోయినవానికి అదనపు మార్కులు లేవు.

నెల గడచెను. ఒకనాటి సాయంకాలము తండ్రి క్రొత్త పడుగునకు నూలు తేవలసివచ్చెను. ఆయన కుమారుని పిలిచి, "పన్నా 50 అంగుళములు. అంగుళమునకు 72 పోగులు. పొడవు 21 గజములు. ఎన్ని చిలపలు తేవలెనో చూడుము" అనెను.

బాలుడు కొలతలను వ్రాసికొని, తండ్రికి చదివి వినిపించి, ఔననిపించుకొనెను. 50 × 70 × 20 = 70000, దానిని 800చే భాగించినచో 87 దాటునని అంచనా వేసెను. పిమ్మట 21ని 840తో పోల్చి 1/40 చేసెను. 50 × 72 ÷ 40 = 90. శేషము లేదు. ఒకప్పుడైనచో ఆ చక్కని జవాబును చూచి వాడు ఎగిరి గంతువేసియుండును. ఈసారి మరల మొదటి పంక్తికి పోయి, ప్రతి అంకెను వ్రేలుంచి చూచెను. అంచనాతో పోల్చెను. అప్పుడు తలయెత్తి, "తొంబది చిలపలు, నాయనా" అనెను.

తండ్రి తల్లివైపు చూచెను. ఆమె ఒక్క క్షణము ఆలోచించి, "లెక్క సరియే. కాని తెగుటకును ముడులకును మరి రెండు తెమ్మనుము. అవి లెక్కకు అందవు" అనెను.

బాలుడు చీటీపై 90 అని వ్రాసి, దానిక్రింద వేరొక పంక్తిలో "తరుగునకు 2" అని వ్రాసి, మొత్తము 92 చిలపలు అని ముగించెను. తండ్రి ఆ చీటీని మరల అడుగక మడిచి జేబులో నుంచుకొని నూలుకొరకు బయలుదేరెను.